ఏ ఇంటోడివి?

బీపీకి మందు రాసే ముందు మనిషి వంశం చూడాలన్న సంగతి ఈ దేశంలో మొట్టమొదట జహీరాబాదులో తేలింది. బొంబాయి రోడ్డు మీద, నా కుట్టుమిషనుకు సరిగ్గా ఎదురుగా. ఆ ఉపాయం డాక్టరుకు చెప్పిందీ నేనే. నలభై ఏళ్లకు పైగా పెళ్లి పందిళ్లలో, బస్సుల్లో, కటింగ్ షాపులో నేను చెప్పుకుంటూ వస్తున్న మాట ఇది. విన్నవాళ్లెవరూ కాదనకపోవడంతో కొన్నాళ్లకు నాకే నిజమనిపించసాగింది.

పోయిన నెల మా తమ్ముడి కూతురు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. తమ్ముడంటే మా చిన్నమ్మ కొడుకు. రాయికోడ్‌లో ఉండేవాడు, పోయి చాలా ఏళ్లయింది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ బీపీ. వాడే గోలీ సరైనదేనా అని తేల్చడానికి అక్కడి డాక్టరమ్మ ఆమె నెత్తురు, వాళ్లమ్మ నెత్తురు తీసి జీన్ పరీక్షకు పంపిందట. తల్లిలో ఏమీ లేదట. తండ్రి వైపు నుంచి దిగిన బీపీ అని, అందరికీ రాసే గోలీలు దీనికి పనికిరావని రిపోర్టు వచ్చిందట. రక్తసంబంధం ఉన్నవాళ్లంతా ఒకసారి చూపించుకుంటే మంచిదని చెప్పిందట డాక్టరమ్మ.

"పెదనాయినా, నువ్వు గూడ వచ్చి జర నెత్తురియ్యాలె," అంది ఆ పిల్ల, మామూలుగా.

నేను ఇంతకాలం దాచిన ఒక మాట ఉంది. ఇప్పుడు ఆ మాటను నా నోటితో పని లేకుండా నా నెత్తురే చెప్పేస్తుంది. రిపోర్టు రాకముందే నేను చెప్పుకోవాలి. అందుకే రాస్తున్నాను. కానీ ముందు ఆ డాక్టరు సంగతి చెప్పాలి. ఆ పిల్ల ఫోన్ పెట్టేశాక నా కళ్ల ముందు నిలబడింది ఆయనే.

ఆయన బీదరు వైపు మనిషి. డెబ్బైల మొదట్లో నా దుకాణం ఎదురుగా రెండు గదులు కిరాయికి తీసుకుని దవాఖాన పెట్టాడు. సన్నగా, పొడుగ్గా, కొక్కేనికి తగిలించిన చొక్కాలా ఉండేవాడు. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. ఎవరేం చెప్పినా ముందు "హౌదా" అనేవాడు. అవునా అని దానికి అర్థం. కానీ ఆయన నోట్లో దానికి అర్థాలు చాలా ఉండేవి. నొప్పి చెప్పుకుంటే మెత్తగా హౌదా. తొక్కు పచ్చడి తినడం మానేశానని ఎవరైనా అంటే, సాగదీసి, కనుబొమ్మలెత్తి ఒక హౌదా. ఎవరో పోయారని తెలిస్తే తల వంచుకుని, తనకు మాత్రమే వినపడేలా ఇంకో హౌదా.

బీపీ చూసేటప్పుడు రోగి చేతిని తన మోకాలి మీద పెట్టుకునేవాడు. స్టెతస్కోపు బిళ్ల చల్లగా తగులుతుందని దాన్ని తన ఎడమ చేతి చొక్కాకు రుద్ది వెచ్చచేసేవాడు. నేను కుట్టిన చొక్కాల్లో ఎడమ చెయ్యి ముందు చిరిగేవి ఆయనవే. పాదరసం దిగుతున్నంతసేపూ లవంగం నమలడం ఆపేవాడు. అంకె ఎంత వచ్చిందో చెప్పేవాడు కాదు. "మీ పెద్దనాయినకు గిట్లనే ఉండె" అనేవాడు, అంతే. దాంతో మనిషి సగం భయపడేవాడు, సగం ధైర్యం తెచ్చుకునేవాడు.

అన్నిటికంటే ముందు ఆయన ప్రశ్న ఉండేది. వరండాలో పొడుగు బెంచీ. దాని మీద ఝరాసంగం నుంచి, మొగుడంపల్లి నుంచి వచ్చినవాళ్లు. బెంచీ దగ్గరికే వచ్చి నిలబడి గట్టిగా అడిగేవాడు: "ఏ ఇంటోడివి? తల్లిది ఏ ఊరు?" నా మిషను చప్పుడును దాటి వచ్చి నా చెవిలో పడేదా గొంతు. కొత్తవాళ్లు ఆయన్ని పెళ్లిళ్లు కుదిర్చే మనిషనుకునేవాళ్లు. ఝరాసంగం ఆమె ఒకతి తన బిడ్డ చదువు, ఒడ్డూ పొడుగూ, వంట తీరూ అన్నీ ఓపికగా చెప్పి, ఇంతకూ పిల్లగాడు ఏం చేస్తడని అడిగింది. "పిల్లగాడు లేడమ్మా, గోలీ ఉన్నది," అన్నాడాయన. బెంచీ అంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా ఆమె తల్లి ఊరు రాసుకున్నాడు.

రాసుకునేది పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు. ఒక్కో కాగితానికి ఒక్కో ఇల్లు. తాత, తండ్రి, అన్నదమ్ములు, మేనత్తలు, అందరికీ గుండ్రాలు గీసి గీతలు కలిపేవాడు. ఆ రోజుల్లో బీపీకి చాలామందికి ఇచ్చేది నీళ్ల గోలీ. మూత్రం ఎక్కువ పోయించి బీపీ దించుతుంది. అది పడిన ఇంటి చుట్టూ నీలి గీత, పడని ఇంటి చుట్టూ ఎర్ర గీత. తండ్రికి పడినది కొడుకుకు పడుతుందని, తండ్రికి పడనిది కొడుక్కీ పడదని ఆయన లెక్క. పెద్ద దవాఖానల్లో కూడా అప్పుడు ఇలా ఎవరూ అడిగేవాళ్లు కాదు. మనిషి నెత్తురు చూసి వంశం చెప్పే యంత్రాలు అప్పుడు లేవు. "నెత్తురు మాట్లాడదు టైలర్. నోరే మాట్లాడాలె," అనేవాడు.

ఇక్కడ మొదటి మాట దిద్దుకోవాలి. ఉపాయం నాది కాదు. ఆ నీలి, ఎర్ర గీతలు గీసిన సుద్దబిళ్లలు మాత్రం నావి. బట్ట మీద కొలత గీసుకునే బిళ్లలను వచ్చినప్పుడల్లా అడక్కుండా జేబులో వేసుకుని పోయేవాడు. ఆ కాగితాలన్నీ కలిపి పుస్తకంగా కుట్టింది కూడా నేనే. రెండు సూదులు విరిగాయి. నా పాత్ర అంతవరకే.

నాకు ముప్పై దాటగానే బీపీ వచ్చింది. అప్పటికి మా ఇంటి కాగితం ఆయన దగ్గర లేదు. నీళ్ల గోలీ రాశాడు. మూడో వారానికి మిషను ముందు కూర్చుంటే కాళ్లు నావి కావు. పెడలు తొక్కుదామంటే తొడల్లో సత్తువ లేదు. కబురు పంపితే రోగులను బెంచీ మీద వదిలేసి రోడ్డు దాటి వచ్చాడు. మిషను కింద గొంతుక్కూర్చుని నా పిక్కలు నొక్కి చూశాడు. మా ఇంట్లో ఎవరెవరు ఎట్లా పోయారో ఒక్కొక్కరినీ అడిగాడు. నాయన నలభై రెండో ఏట చేను గట్టు మీద పడి మళ్లీ లేవలేదు. పెద్దనాయన అంతకంటే చిన్న వయసులోనే, చెయ్యీ నోరూ పడిపోయి పోయాడు. అంతా విని ఆ గోలీ ఆపేశాడు. హైదరాబాదు నుంచి వేరే గోలీ తెప్పించాడు. సీసా మూత తీస్తే పుదీనా వాసన వచ్చేది. నాలుగైదు రోజుల్లో పెడలు నా మాట వినడం మొదలుపెట్టింది. ఇవాళ ఎనభైకి దగ్గర పడి ఇది రాస్తున్నానంటే ఆ పుదీనా గోలీ వల్లే.

అప్పుడే నా కళ్ల ముందే మా ఇంటి కాగితం చుట్టూ ఎర్ర గీత గీశాడు. "ఈ ఇంట్ల ఎవరికీ నీళ్ల గోలీ వద్దు. నీకు తమ్ములుంటే చెప్పు," అన్నాడు.

తమ్ముళ్లు లేరు సాబ్ అన్నాను.

నాకు తమ్ముడున్నాడు. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ, చిన్నమ్మ ఇద్దరూ పురుడు పోసుకోవడానికి మొగుడంపల్లిలో తల్లిగారింటికి వచ్చారు. వారం తేడాతో ఇద్దరూ ప్రసవించారు. చిన్నమ్మ బిడ్డ దక్కలేదు. ఇక పిల్లలు పుట్టరని మంత్రసాని చెప్పింది. మా అమ్మమ్మ ఎవరినీ అడగలేదు. అమ్మ పక్కలోని పసివాణ్ని తీసి చిన్నమ్మ పక్కలో పడుకోబెట్టింది. కాగితం లేదు, పంచాయితీ లేదు. చిన్నాయనకు కూడా చెప్పలేదు, రాయికోడ్ నుంచి ఆయన వచ్చేసరికి కొడుకు పుట్టి ఉన్నాడు. మా నాయనకు మా బిడ్డే దక్కలేదని చెప్పారు. నా దవడ పట్టుకుని అమ్మమ్మ చెప్పిన మాట ఒక్కటే: "వీడు నీకు తమ్ముడే. చిన్నమ్మ కొడుకు." అక్కచెల్లెళ్ల పిల్లలు ఎటూ అన్నదమ్ములే కదా. వాడు నన్ను అన్నా అని పిలిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆ పిలుపు చాటునే అప్పటికి ఇరవై ఆరేళ్లుగా దాచుకున్నాం.

వాడికి తలనొప్పులు మొదలయ్యాయి. చిన్నాయనే వెంటబెట్టుకుని జహీరాబాదు తీసుకొచ్చాడు. దారిలో నన్ను కూడా పిలిచాడు. చిన్నాయన ఆ డాక్టరుకు పాత రోగి. ఆయన ఇంటి కాగితం చుట్టూ నీలి గీత, నీళ్ల గోలీ ఆయనకు అమృతంలా పనిచేసింది. బెంచీ దగ్గర డాక్టరు తన ప్రశ్న వేశాడు. మా తమ్ముడు నోరు తెరిచే లోపే చిన్నాయన రొమ్ము విరుచుకుని జవాబిచ్చాడు.

"నా ఇంటోడే సాబ్. నా బీపీనే దిగింది నా కొడుక్కు. ఇంకేం సబూత్ కావాలె?"

అంత సంతోషంగా రోగం గురించి చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. పొలం చూసి కాదు, పోలిక చూసి కాదు, రోగం చూసి కొడుకు తనవాడని మురిసిపోయాడాయన. డాక్టరు నీలి గీత ఉన్న కాగితం తీసి వాడి పేరు చేర్చి నీళ్ల గోలీ రాశాడు. నేను గోడకానుకుని నిలబడి ఉన్నాను. నా కాళ్లకు తెలుసు ఆ గోలీ మా నెత్తురుకు ఏం చేస్తుందో.

ఎందుకు చెప్పలేదంటే నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. రాయికోడ్‌లో చిన్నాయన దాయాదులు పొలం మీద కన్నేసి ఉన్నారు. వాడు సొంత కొడుకు కాదని తెలిస్తే ఒక్క చెక్క కూడా దక్కనివ్వరు. చిన్నమ్మ బతుకు బజారున పడుతుంది. ఇవన్నీ నిజమే. కానీ అసలు కారణం ఇంకా చిన్నది. తమ్ముళ్లు లేరని ఆయనకు నేనే చెప్పి ఉన్నాను. ఇప్పుడు మాట మార్చడానికి సిగ్గేసింది.

ఆ సాయంత్రం నా గోలీల్లోంచి ఎనిమిది తీసి కాగితంలో పొట్లం కట్టాను. అవి వాడికి ఇచ్చానని, వాడే వేసుకోలేదని నా భార్యకు చెప్పాను. ఇవ్వలేదు. వాడు మధ్యలో ఒకరోజు దుకాణానికి వచ్చి, నా పక్కన కూర్చుని సద్ది తిని పోయాడు. ఎందుకిస్తున్నావన్నా అంటే ఏం చెప్పాలో తెలియక, పొట్లం మిషను సొరుగులోనే ఉంచేశాను. సొరుగు తీసినప్పుడల్లా చాన్నాళ్లు పుదీనా వాసన వచ్చేది.

రెండు వారాలకు వాడు మళ్లీ దవాఖానకు వచ్చాడు. ఈసారి చిన్నాయన లేడు. నేనే వెంట ఉన్నాను. మెట్లెక్కుతుంటే మోకాళ్లు మడతపడుతున్నాయన్నాడు. డాక్టరు లవంగం నమలడం ఆపేశాడు. నీలి గీత కాగితం చూశాడు, వాడి కాళ్లు చూశాడు. తర్వాత తల తిప్పి నా కాళ్లు చూశాడు.

"గిట్ల ఒక్క ఇంట్లనే చూసిన," అన్నాడు మెల్లిగా. వాణ్ని మళ్లీ అడిగాడు, ఏ ఇంటోడివని. వాడు చిన్నాయన పేరు చెప్పాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. "టైలర్, నువ్వు చెప్పు. ఇతను ఏ ఇంటోడు?"

బెంచీ మీద రాయికోడ్ మనుషులు ఇద్దరు ఉన్నారు. వాళ్లు మా వైపే చూస్తున్నారు.

"మా చిన్నాయన ఇంటోడే సాబ్," అన్నాను.

"హౌదా," అన్నాడు. అదివరకు నేను వినని హౌదా అది. గోలీ సగం చేశాడు, కొబ్బరినీళ్లు తాగమన్నాడు, గురువారం తప్పకుండా రమ్మన్నాడు. బుధవారం పొద్దున రాయికోడ్ బస్టాండులో, జహీరాబాదు బస్సు కోసం కాదు, ఊరికే ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి, తల పట్టుకుని పడిపోయాడు. బండి కట్టేలోపే అయిపోయింది. భార్య, మూడేళ్ల కూతురు.

డాక్టరుకు నేనే చెప్పాను. ఒక రైతు చేతికి బీపీ పట్టీ చుడుతూ ఉన్నాడు. తల వంచుకుని, తనకు మాత్రమే వినపడేలా హౌదా అన్నాడు. చుట్టిన పట్టీ మళ్లీ విప్పేసి, దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు.

మరో పదిహేను రోజులకు దుకాణానికి వచ్చి పరదా కావాలన్నాడు. ఆకుపచ్చది, రెండు పొరలది, వరండాకు లోపలి గదికి మధ్య కట్టడానికి. కుట్టిచ్చాను. ఆ మర్నాటి నుంచి ఆయన ప్రశ్న నాకు వినపడలేదు. వరండాలోని బల్ల మీద పుస్తకం కనపడలేదు. బెంచీ మీదివాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయి ఎంతసేపటికో గానీ వచ్చేవాళ్లు కాదు. మొదట ముసలితనం వచ్చి నెమ్మదించాడనుకున్నాను. నీలి గీత ఇంటివాడు నీళ్ల గోలీతో కాళ్లు చచ్చి పోయాడు కాబట్టి తన లెక్క మొత్తం తప్పని ఆయన నమ్మేశాడని, నా అబద్ధం వల్ల పుస్తకం మూసేశాడని తర్వాత అనుకున్నాను. లెక్క సరైనదే సాబ్, నేను చెప్పిన ఇల్లే తప్పు అని ఒక్క మాట చెబితే ఆయన ప్రాణం కుదుటపడేది. ఆ ఒక్క మాట రోడ్డు దాటలేదు.

నేను ఆ దవాఖాన మెట్లెక్కడం మానేశాను. ఆయనే వచ్చేవాడు. ఏడాదికోసారి, దసరా ముందు, రెండు చొక్కాలకు బట్ట పట్టుకుని. చంకలో బీపీ పెట్టె కూడా ఉండేది. "ముందు నువ్వు నాది చూడు, తర్వాత నేను నీది చూస్త," అనేవాడు. నేను ఆయన మెడ కొలిచేవాణ్ని. ఆయన నా చేయి మోకాలి మీద పెట్టుకుని, బిళ్ల ఎడమ చేతికి రుద్ది, నా నెత్తురు వినేవాడు. అవసరమైనంత కంటే ఎక్కువసేపు వినేవాడు. పాదరసం కిందికి దిగిపోయాక కూడా బిళ్ల తీసేవాడు కాదు. నా నోట్లో గుండుసూదులు ఉండేవి. అవి ఉన్నాయి కదా, ఎట్లా మాట్లాడతానని నాకు నేను చెప్పుకునేవాణ్ని. నేను సూదులు తీసి డబ్బాలో వేసేదాకా ఆయన లేచేవాడు కాదు. తీసిన తర్వాత కూడా కాసేపు నా మొహం చూసి, "ఉంట మరి టైలర్," అని పోయేవాడు. ఏటేటా ఆయన మెడ కొలత తగ్గుతూ వచ్చింది. మొదట్లో పదిహేనున్నర. చివరి జత చొక్కాలకు పద్నాలుగు. ఆ జత తీసుకుపోవడానికి ఆయన రాలేదు.

ఎనభైల చివర్లో జబ్బుతో బీదరుకు వెళ్లిపోయాడు. చివరి రోజుల్లో నేను వెళ్లి, ఆయన చేయి పట్టుకుని అంతా చెప్పానని, ఆయన నవ్వి నా వీపు తట్టాడని చాలామందికి చెప్పాను. ఇది కూడా దిద్దుకోవాలి. బీదరు బస్సెక్కిన మాట నిజం. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగితే దిగిపోయాను. అక్కడ ఒక చాయ్ తాగి, అటు నుంచి వచ్చే బస్సెక్కి ఇంటికి వచ్చాను. తర్వాత నెలన్నరకు ఆయన పోయాడని కండక్టరు చెప్పాడు. హౌదా అన్నాను. అది ఆయన మాట అని అన్న తర్వాత గుర్తొచ్చింది.

ఇప్పుడు అమ్మ లేదు, చిన్నమ్మ లేదు, తమ్ముడు తన కొడుకేనన్న సంతోషంతోనే చిన్నాయన కూడా వెళ్లిపోయాడు. పొలం ఎవరి పేరున ఉండాలో వాళ్ల పేరునే ఉంది. మాట దాచడానికి ఏ కారణమూ మిగల్లేదు. ఇక్కడిదాకా రాసి, నెత్తురివ్వడానికి పోయే ముందు రాయికోడ్ వెళ్లాను. మా తమ్ముడి భార్యకు ముందు వినిపించాలి కదా. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. నేను చదువుతున్నంతసేపూ ఆ చెయ్యి ఆగలేదు. తమ్ముడు పడిపోయిన చోట కూడా.

"అయిపోయిందా బావా?" అంది.

అయిందన్నాను.

"అత్త నాకు ఆయన పోయిన మూడొద్దులకే చెప్పింది. దినాలైనంక పిల్లను సంకనేసుకొని డాక్టరు తానికి పోయిన. బెంచీ మీద మంది ఉన్నరు, లోపలికి పోదామన్న. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. హౌదా అన్నడు. నలుగురి ముందట అడిగితె ఎవరు చెప్తరమ్మా, తప్పు నాదే అన్నడు. అందుకే నీతోని పరదా కుట్టిచ్చిండు. పుస్తకం యాడ మూసిండు? పరదా ఎనక ఉండె. ఒక్కొక్కల్ని లోపలికి పిలిచి, మెల్లగ అడుగుతుండె. నా బిడ్డ పేరు మీ ఇంటి కాయితంల, ఎర్ర గీత లోపలనే రాసిండు. దానికి తలనొప్పి మొదలైతే పుదీనా గోలీనే ఇచ్చిండు. ఇప్పటికి అదే మింగుతున్నది. నీ నెత్తురు ఎందుకడిగిందో దానికి ఎరుకనే."

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పొద్దన్నడు. టైలరు తనంతట తానే చెప్పాలె, ఏడాదికొకసారి పోయి కూసుంటున్న, చూస్త అన్నడు. బీదర్ల ఆయనకు చొక్కాలు కుట్టేటోళ్లు లేకనా?"

చేటను ఒకసారి ఎగరేసి, మట్టిబెడ్డ ఒకటి తీసి అరుగు కిందికి విసిరేసింది. అప్పుడు తల ఎత్తింది.

"నీ అబద్ధంతోని ఆయన పని ఆగిపోయిందని రాసినవు. అది గూడ నీ గొప్పనే బావా, కొట్టెయ్. నీతోని ఏం ఆగలే. నా మొగుడొక్కడు పోయిండు."